స్వయంభూ ప్రతిష్ఠాపన

ఉత్తర్వులన్నీ ఇకపై చక్కని తెలుగులోనే రావాలని ఒక పెద్ద అధికారికి తోచిన సంవత్సరమే, కంచర్లబోరు ఉన్నత పాఠశాలలో మూలుగుతున్న పది కంప్యూటర్లను పని చేయించాలని ఇంకొక పెద్ద అధికారికి తోచింది. ఈ రెండు మంచి ఆలోచనలూ ఒకే కాగితం మీద కలుసుకోకుండా ఉంటే, బోయిని ప్రవళికకు తొమ్మిదో తరగతిలోనే కంప్యూటర్ వచ్చి ఉండేది.

కాగితంలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను 'నిర్వహణ వ్యవస్థ' అన్నారు. దాన్ని కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయడాన్ని 'ప్రతిష్ఠాపన' అన్నారు. లోకంలో నిర్వహణ వ్యవస్థలు రకరకాలుగా ఉన్నందున, వాటిలో దేని ప్రతిష్ఠాపన అత్యంత సులభమో శాస్త్రీయంగా తేల్చాలనీ, తేలిన దాన్నే అన్ని బడులలో వేయాలనీ, తేలేదాకా ఎక్కడా ఏదీ వేయరాదనీ రాశారు. ఈ పరిశీలనకు కంచర్లబోరు బడినే ఎంచుకున్నారు. కంప్యూటర్లను అట్టపెట్టెల్లోంచి కూడా తీయకుండా భద్రంగా కాపాడిన బడిగా దానికి పైన మంచి పేరుంది.

హెడ్మాస్టర్ సదానందం సారు ఆ కాగితాన్ని ప్రార్థన సమయంలో చదివి వినిపించారు. ప్రతిష్ఠాపన అన్న మాట రాగానే అలవాటు కొద్దీ చెప్పులు విడిచారు. ఆయన్ని చూసి పిల్లలు కూడా విడిచారు.

చివరి వరసలో నిలబడిన ప్రవళిక ఒక్కతే ఆ కాగితాన్ని మనసు పెట్టి విన్నది. ప్రవళిక గొంతు ఎవరికీ వినపడదు. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్' అంటుంది గాని, సగం రోజులు ఆబ్సెంట్ పడుతుంది. అటువంటి పిల్లకు ఒక పెద్ద కోరిక ఉంది. పదో తరగతి అయ్యాక పట్నంలో పాలిటెక్నిక్‌లో చేరి కంప్యూటర్ చదవాలని. ఆ మాట ఇంట్లో తండ్రికి చెప్పడానికి ఆమెకు ఒక వానాకాలం పట్టింది.

తండ్రి రాజలింగు మోపెడ్ మీద ఊరూరా తిరిగి చేపలు అమ్ముతాడు. విని, చేతులకంటిన పొలుసులు కడుక్కుంటూ అడిగాడు.

"ఎన్నడన్న ముట్టినవానే దాన్ని?"

"లేదు బాపు."

"ముట్టనే ముట్టని దానికి పట్నం తోలాల్నా? సరె, ఒక మాట చెప్త. దాంట్ల నా పేరొచ్చేటట్టు చెయ్యి. నేను కండ్లార జూస్తె, ఎనుకకు తిరిగి సూడకుంట పంపిస్త. లేకుంటే మండలంల కుట్టుమిషన్ నేర్పుతున్రు. పొద్దుగాల పోయి మాపటికి రావచ్చు."

రాజలింగు మాట ఇస్తే ఇచ్చినట్టే. అందుకని ప్రవళిక ఆశ అంతా ఆ అట్టపెట్టెల మీద పడింది.

కొన్నాళ్లకు సౌలభ్య నిర్ధారణ సంఘం జీపులో దిగింది. సంఘాధ్యక్షులు అనంతరాములు గారు. మెడలో స్టాప్‌వాచీ వేలాడుతోంది. కుర్చీలో కూర్చొని, నీళ్లు తాగి, విషయంలోకి వచ్చారు.

"సౌలభ్యం అనునది వస్తువునందు ఉండదు. వినియోగించువాని అజ్ఞానమునందు ఉండును. తెలిసినవానికి అన్నియూ సులభమే గదా. కావున ఈ పరిశీలనకు కల్తీలేని, ధ్రువీకృతమైన అజ్ఞాని ఒకరు అత్యవసరం."

"మా బడిల అసుంటోళ్లకు కొదువ లేదు సార్," అన్నారు సదానందం సారు. "ఎక్కడికో ఎందుకు, నన్ను చూడున్రి."

"ఉపాధ్యాయులు అనర్హులు. మీ యందు అజ్ఞానం లేదని నియామక సమయముననే ప్రభుత్వం నిర్ధారించి యున్నది."

సదానందం సారు ఆ సంగతి తనకు ఇంతవరకు తెలియనట్టు ముఖం పెట్టారు.

అజ్ఞానిని ఎంచడానికి పరీక్ష పెట్టారు. ఎంత తప్పు రాస్తే అన్ని మార్కులు. మగపిల్లలు కొందరు తమకు అన్నీ తెలుసని చూపించుకోబోయి అక్కడే పోయారు. ఒక పిల్లవాడు మాత్రం అన్నిటికీ తప్పే రాసి నూటికి నూరు తెచ్చుకున్నాడు. వాణ్ణి సంఘం ప్రత్యేకంగా పిలిచి మరీ తీసేసింది. ఒక్కటి కూడా పొరపాటున సరిగ్గా రాయలేదంటే వాడికి అన్నీ తెలిసి ఉండాలని తేల్చింది. 'మౌస్ అనగానేమి' అన్న ప్రశ్నకు ప్రవళిక 'ఎలుక' అని రాసింది. అనంతరాములు గారు ఆ జవాబును రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"నిర్మలం," అన్నారు.

అయినా తహసీల్దార్ ఆఫీసు నుంచి ధ్రువపత్రం కావాలి. రాజలింగు ఒక పూట బేరం మానుకొని కూతురిని వెంటబెట్టుకొని పోయాడు. గుమస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"పిల్లకు తెల్వదని రుజువేంది?"

"నా బిడ్డ సంగతి నాకు తెల్వదా సారూ. దానికి కంప్యూటర్ తెల్వది."

"నీకు తెలుసా కంప్యూటర్?"

"నాకెట్ల తెలుస్తది?"

"నీకే తెల్వకపాయె. దానికి తెల్వదని నీకెట్ల తెలిసె?"

రాజలింగు దారి పొడుగునా ఆ మాట మీద ఆలోచించాడు. మరునాడు రెండు కొర్రమీన్లు గుమస్తా ఇంటికి పోయి సాక్ష్యం చెప్పాయి. 'పై వ్యక్తికి ఏమియూ తెలియదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది' అన్న పత్రం చేతికొచ్చింది. సదానందం సారు దానికి ప్లాస్టిక్ పూత వేయించి, తాడు కట్టి, ప్రవళిక మెడలో వేశారు. ఊళ్లో అందరూ ఆగి చదివారు.

"గిదేందే, నీకేం తెల్వదని రాసిన్రు?" అంది పక్కింటి అమ్మమ్మ.

"అందుకే నన్ను తీసుకున్నరు అమ్మమ్మా," అంది ప్రవళిక. సిగ్గుపడినా, లోపల సంతోషంగానే ఉంది. బడిలో కంప్యూటర్‌ను అందరికంటే ముందు ముట్టేది తనే.

పరిశీలనకు మూడు వ్యవస్థలు వచ్చాయి. మొదటి సీడీ మీద కిటికీ బొమ్మ ఉంది కనుక కాగితాల్లో దాన్ని కిటికీలది అన్నారు. రెండో దాని మీద పొట్ట తెల్లగా ఉన్న ఒక పక్షి ఉంది. అది పక్షిది. మూడోది సర్కారు వాళ్లు సొంతంగా చేయించినది. పట్టుగుడ్డలో చుట్టి, ముద్ర వేసి పంపారు. చివరి దాకా విప్పవద్దన్నారు.

మంచి రోజు చూసి, పది కంప్యూటర్లనూ పెట్టెల్లోంచి తీసి బల్లల మీద పెట్టి, కిటికీలది మొదలుపెట్టారు. ప్రవళిక చెప్పులు విడిచి లోపలికి పోయి, అనంతరాములు గారు చూపించినట్టు సీడీ లోపల పెట్టింది. అనంతరాములు గారు స్టాప్‌వాచీ నొక్కారు. తెర వెలిగింది. కాసేపటికి ఏదో కీ కావాలని ఇంగ్లీషులో అడిగింది.

సంఘం దగ్గర పదాలకు తెలుగు అర్థాలు ఉన్న పుస్తకం ఉంది. తిరగేసి చూశారు. తాళంచెవి అని ఉంది.

"తాళంచెవి తెప్పించండి," అన్నారు అనంతరాములు గారు.

సదానందం సారు గది తాళంచెవి తెచ్చారు. తర్వాత బీరువాది తెచ్చారు. మధ్యాహ్న భోజనం బియ్యం గదిది తెచ్చారు. ఇవేవీ కాదని తెలిసి తన స్కూటర్‌ది కూడా ఇచ్చి, సాయంత్రం దాకా ఇంటికి పోలేక కూర్చున్నారు. తాళంచెవిని పెట్టడానికి కంప్యూటర్‌కు ఎక్కడా రంధ్రం లేదని సంఘం గమనించి, రంధ్రం లేకపోవడాన్ని లోపంగా నమోదు చేసింది.

సీడీ డబ్బా వెనకాల అక్షరాలు, అంకెలు కలిపి ఒక పొడుగాటి వరస ఉండడం ప్రవళిక చూసింది. అది చూపించబోయి చెయ్యెత్తింది.

"అజ్ఞాని అభిప్రాయం వెలిబుచ్చరాదు," అన్నారు అనంతరాములు గారు. "వెలిబుచ్చిన యెడల అజ్ఞానం చెడును."

ప్రవళిక చెయ్యి దించింది. కిటికీలకు ఎదురుగా 'తెరుచుకొనలేదు, మిక్కిలి కఠినం' అని రాసుకొని సంఘం వెళ్లిపోయింది.

పక్షిది ఆ మర్నాడే మొదలు కావాలి. కాని అనంతరాములు గారికి జీపులో ఒక ధర్మసందేహం వచ్చింది. కిటికీలను ముట్టిన పిల్లకు ఇప్పుడు కొంత తెలిసిపోయింది. ఆ తెలివితో పక్షిని ముడితే పక్షికి అన్యాయంగా లాభం కలుగుతుంది. తెలిసిందంతా పిల్ల మరిచిపోయేదాకా ఆగాలి. దానికి 'విస్మృతి విరామం' అని పేరు పెట్టి కాగితం పంపారు. విరామంలో పిల్ల సెల్‌ఫోన్ చూడరాదు, టీవీ రిమోటు పట్టరాదు, కంప్యూటర్ల గది కిటికీ పక్క నుంచి నడవరాదు. ప్రవళిక బడికి చుట్టూ తిరిగి వెనక గోడ సందులోంచి రావడం అలవాటు చేసుకుంది. ఇంట్లో ఫోన్ మోగితే రాజలింగు దాన్ని చొక్కా కింద దాచుకొని బయటికి పోయి మాట్లాడాడు.

మధ్యలో సంఘం వచ్చి మరుపును పరీక్షించింది.

"గత పర్యాయం నీవు ఏమి చేసితివి?"

"యాది లేదు సార్."

"ఏ పర్యాయమని ఎదురు ప్రశ్నించలేదేమి? అనగా ఆ పర్యాయం స్మృతియందున్నది." విరామం పొడిగించారు.

తర్వాతిసారి ప్రవళిక బాగా ఆలోచించి, "మీరెవరు సార్?" అంది. అనంతరాములు గారు ఎంతో సంతోషించి పక్షిదానికి అనుమతి ఇచ్చారు. అప్పటికి ప్రవళిక పదో తరగతికి వచ్చేసింది.

పక్షిది మొండికేయలేదు. వరసలో చివరి కంప్యూటర్‌లో సీడీ పెట్టగానే తెర మీద నాలుగు మాటలు వచ్చాయి. కింద మూల ఒక్క బొత్తాం మాత్రం వెలుగుతోంది. పదాల పుస్తకం చూస్తే 'ముందుకు' అని అర్థం. ప్రవళిక కీబోర్డులోని పెద్ద మీట మీద వేలు పెట్టింది.

"ఆగు," అన్నారు అనంతరాములు గారు. "ముందుకు అనగా ఎచ్చటికి?"

ఎవరికీ తెలియదు.

"ముందు ఏమున్నదో తెలియకుండా ప్రభుత్వ యంత్రమును ముందుకు పంపుట బాధ్యతారాహిత్యం. పై అనుమతి కోరవలె."

ముందుకు వెళ్లవచ్చునా అని ఫైలు పైకి పోయింది. వెళ్లిన పిమ్మట వెనుకకు రావచ్చునో లేదో స్పష్టపరచండని కిందికి వచ్చింది. వెనక్కి రావడానికి కూడా ఒక బొత్తాం ఉందని మళ్లీ పైకి రాశారు. వెనుకకు వచ్చు అవకాశం ఉన్నప్పుడు ముందుకు వెళ్లవలసిన అవసరమేమని మళ్లీ కిందికి వచ్చింది. ఈ లోపల బతుకమ్మ పండుగ వచ్చి పోయింది. ప్రవళిక పొడుగైందని సదానందం సారు ఆమె స్టూలును రెండుసార్లు మార్చారు. అనుమతి వచ్చిన రోజే కరెంటు పోయి తెర నల్లబడింది. మళ్లీ వెలిగాక అదే బొత్తాం మొదటినుంచి వచ్చింది. ఈ కొత్త 'ముందుకు'కు పాత అనుమతి చెల్లదు.

"ఏమాయెనే నా పేరు?" అన్నాడు రాజలింగు ఒకనాడు, అన్నం తింటూ.

"ఫైలు పోయింది బాపు."

"యాడికి?"

"ముందుకు."

రాజలింగు ఇంకో ముద్ద కలిపాడు. "కుట్టుమిషనోళ్లు పేర్లు రాసుకుంటున్రట. పరీక్షలు కాంగనే పోదాం తీ. నీ మీద కోపం లేదు బిడ్డా. నువ్వేం జేస్తవు."

కోపం లేదనడమే ప్రవళికకు ఎక్కువ బాధ కలిగించింది.

పక్షికి ఎదురుగా 'అనంతమైన కాలము పట్టును' అని రాసి, మూడోదానికి వచ్చారు. సీడీని బయటికి తీయడానికి అనుమతి అడగడం మరిచిపోయినందున పక్షి ఆ కంప్యూటర్ పొట్టలోనే ఉండిపోయింది. మరో కంప్యూటర్ ముందు పట్టుగుడ్డ విప్పారు. సీడీ మీద 'స్వయంభూ' అని బంగారు రంగు అక్షరాలు ఉన్నాయి. ప్రవళిక దాన్ని లోపల పెట్టింది. ఏమీ జరగలేదు. తీసి తుడిచి మళ్లీ పెట్టింది. ఏమీ జరగలేదు. సంఘంలోని వాళ్లందరూ తలా ఒకసారి సీడీని వెలుగుకు పట్టి చూశారు. అద్దంలో మాదిరిగా ఎవరి ముఖం వాళ్లకు కనిపించింది తప్ప అందులో ఏమీ లేదు.

సర్కారు చేయించిన వ్యవస్థలో ఏమీ లేదని రాయడం ఎవరివల్లా కాని పని. అనంతరాములు గారు ఆ బంగారు అక్షరాలను చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. ఉన్నట్టుండి ఆయన ముఖం తేటపడింది.

"సదానందం గారూ. స్వయంభూవునకు ప్రతిష్ఠాపన ఉండునా?"

"ఉండది సార్. మా గుట్ట మీది దేవుడు గూడ గంతే. ఎవలు పెట్టలే. తనంతల తనే ఎలిసిండు."

"అట్లయిన ఈ వ్యవస్థ ప్రతిష్ఠాపనకు ఎంత శ్రమ పట్టినది?"

"ఏం పట్టలే సార్."

"ఎంత సమయం?"

సదానందం సారు స్టాప్‌వాచీ వంక చూశారు. అనంతరాములు గారు దాన్ని నొక్కడం మరిచిపోయారు. అందులో సున్నా ఉంది.

మూడింటిలో అత్యంత సులభమైనది స్వయంభూ అని నివేదిక తయారైంది. దేన్నీ వేయనక్కరలేని వ్యవస్థ ప్రపంచంలో ఇదొక్కటేననీ, అన్ని బడులలోని ఖాళీ కంప్యూటర్లలో అది ఇప్పటికే ఉన్నట్టు భావించవచ్చుననీ అందులో రాశారు. పైవాళ్లకు ఈ మాట ఎంతగానో నచ్చింది. కంచర్లబోరులోనే ప్రారంభోత్సవం పెట్టమన్నారు. పదో తరగతి పరీక్షలకు ముందు, బడి మూసేలోగా.

ఆ రోజు గదికి మామిడాకుల తోరణం కట్టారు. పది కంప్యూటర్లకూ పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేశారు. ఊరి పెద్దలు బెంచీల మీద కూర్చున్నారు. రాజలింగు ఉతికిన చొక్కా వేసుకొని తలుపు దగ్గర నిలబడ్డాడు. అజ్ఞాని వేదిక మీద ఉండడం శోభ కాదు గనుక ప్రవళికను వెనక వరసలో చివరి కంప్యూటర్ పక్కన నిలబెట్టారు. మెడలో పత్రం అలాగే ఉంది.

అనంతరాములు గారు కొబ్బరికాయ కొట్టి, గోడకున్న పెద్ద స్విచ్ వేశారు. పది కంప్యూటర్లూ ఒక్కసారిగా గుర్రుమన్నాయి. తొమ్మిది తెరలు నల్లగా ఉండిపోయాయి. ఒక్కొక్క దాని మీదా తెల్లని అక్షరాల్లో ఇంగ్లీషు వాక్యం ఒకటి నిలబడింది. లోపల ఏమీ లేదని దాని అర్థం. దాన్ని చదవగలిగిన ఇద్దరు ముగ్గురు పక్కకు చూశారు.

"నిరాకారం," అన్నారు అనంతరాములు గారు మైకులో. "స్వయంభూవు మొదట నిరాకారముగనే యుండును." చప్పట్లు కొట్టారు. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టారు.

పదో తెర నల్లగా లేదు. పక్షి ఇంకా దాని పొట్టలోనే ఉంది. ప్రవళిక పక్కనే, అవే నాలుగు మాటలు, కింద మూల అదే బొత్తాం వెలుగుతున్నాయి. ప్రవళిక ముందుకు చూసింది. అందరి వీపులూ ఆమె వైపు ఉన్నాయి. తలుపు దగ్గర బాపు కంప్యూటర్ల వైపు ఆశగా చూస్తూ, ఏ తెర మీదా తన పేరు లేకపోయేసరికి మెల్లగా తల దించుకోవడం కనిపించింది.

ఆమె పెద్ద మీట నొక్కింది.

ఏమీ పేలలేదు. ఇంకో నాలుగు మాటలు, ఇంకో బొత్తాం. మళ్లీ నొక్కింది. అనంతరాములు గారు అప్పుడు సౌలభ్యం అన్న పదం ఎక్కడ పుట్టిందో చెబుతున్నారు. అది ఏం అడుగుతోందో ప్రవళికకు తెలియదు. తెలియదని మెడలోనే రాసి ఉంది. అందుకని అడిగిన ప్రతిదానికీ సరే అన్నట్టు నొక్కుతూ పోయింది. ఒకచోట మాత్రం పేరు అడిగింది. ఆ ఒక్క మాట ఆమెకు ఇంగ్లీషులో వచ్చు. ఒక్కో అక్షరాన్ని వెతుక్కుంటూ, వేలితో పొడుస్తూ రాసింది. తర్వాత రహస్యం మాట ఏదో అడిగితే అదే మళ్లీ రాసింది. ఆపైన కంప్యూటర్ ఆమెను ఏమీ అడగలేదు. తన పని తను చేసుకుపోయింది. ఉపన్యాసం కూడా అలాగే సాగింది. సంఘం పడిన శ్రమ, కిటికీల కాఠిన్యం, పక్షి మందకొడితనం అన్నీ వివరంగా వచ్చాయి. బెంచీల మీద కొందరికి కునుకు పట్టింది.

"కావున, స్వయంభూ తనంతట తానే..." అని అనంతరాములు గారు ముగించబోతుండగా వెనక నుంచి గంట మోగినట్టు మెత్తని చప్పుడు వచ్చింది.

అందరూ వెనక్కి తిరిగారు.

పదో తెర మీద, ముదురు నీలం రంగు మధ్యలో, గుండ్రని తెల్లటి ఆకారం ఒకటి వెలిగింది. దాని కింద పేరు ఉంది. సదానందం సారు కళ్లు చికిలించి అక్షరం అక్షరం కూడబలుక్కున్నారు.

"రా... జ... లిం... గు."

బెంచీల మీద కునుకుతున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

"ఎలిసిండు," అన్నాడు బెంచీ మీది ముసలాయన ఒకడు, చేతులు జోడించి. "లింగమే ఎలిసిండు. సూడున్రి, గుండ్రగ."

అనంతరాములు గారు చెప్పులు విడిచారు. మెడలోని స్టాప్‌వాచీ తీసి తెర ముందు పెట్టారు. ఇంత త్వరగా తన నివేదిక నిజమవుతుందని ఆయన కూడా అనుకోలేదు. ఎవరో మిగిలిన తొమ్మిదింటి దండలు తీసి ఈ ఒక్కదానికే వేశారు. కర్పూరం వెలిగించబోతే సదానందం సారు వైర్లు కాలుతాయని ఆపారు. వ్యవస్థకు ఇకపై 'రాజలింగు' అన్న పేరే ఖాయమనీ, దీన్నే అన్ని బడులకూ పంపాలని సాయంత్రానికి కాగితం పోతుందనీ అక్కడే ప్రకటించారు.

ప్రవళిక నోరు తెరిచింది. "అది నేనే నొక్కిన సార్," అంది. ఎప్పటిలాగే ఎవరికీ వినపడలేదు. దగ్గరున్న సంఘసభ్యుడు ఒకాయనకు వినపడింది గాని, ఆమె మెడలోని పత్రం చదివి, నవ్వి ఊరుకున్నాడు.

జనాన్ని తోసుకుంటూ రాజలింగు ముందుకు వచ్చాడు.

"ఆ పేరు నాది సారూ."

"ఈ భాగ్యం కంచర్లబోరులో ప్రతివానికీ ఉన్నది," అన్నారు అనంతరాములు గారు ఆర్ద్రంగా. "అందరియందూ ఆయనే."

రాజలింగు ఆయనతో వాదించలేదు. బంతిపూల దండలు పక్కకు జరిపి, తెరకు దగ్గరగా వంగి, చాలాసేపు చూశాడు. ఓటరు కార్డు మీద తన పేరు గుర్తుపట్టేంత ఇంగ్లీషు అతనికి వచ్చు. అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో వేలితో ఒక్కొక్కటీ తడిమాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, అడగవలసింది అడిగాడు.

"మరి ఇంటిపేరేదే?"

"తోవ దెల్వలేదు బాపు. అది పట్నంల నేర్సుకొని రాస్త," అంది ప్రవళిక.

ఈసారి ఆ మాట గది అంతటికీ వినపడింది.

రాజలింగు ఆమె మెడలోంచి పత్రం తీసి, మడవబోతే ప్లాస్టిక్ మడత పడలేదు. దాన్ని చంకలో పెట్టుకొని, "కుట్టుమిషనోళ్లకు రామని చెప్పి పోదాం పా," అన్నాడు.